అర అంగుళం

మార్చి 2, ఆదివారం

కొలతల పుస్తకం వెనక నుంచి రాస్తున్నాను. ముందు నుంచి పదిమంది భుజాలూ నడుములూ, వెనక నుంచి నా గోల. రెండూ ఎక్కడో మధ్యలో కలుస్తాయి, అప్పుడు ఇంకో పుస్తకం కొనుక్కుంటాను.

ఈ ఇంటికొచ్చి పదహారు రోజులైంది. ముప్పై ఎనిమిదేళ్ళకి పెళ్ళేమిటని నవ్వినవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయనతో పాటు ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ వెనకాల కూతుర్ని పోగొట్టుకున్న అమ్మమ్మ ఉంది. నాతో వచ్చినవి కుట్టుమిషను, పెద్ద కత్తెర, మూడు పెట్టలు, మేస్త్రీ.

మేస్త్రీ అంటే నా పుంజు. గుడ్డులోంచి వచ్చిన రెండో రోజే వాడి తల్లిని పిల్లి పట్టుకుపోతే, గుడ్డముక్కల డబ్బాలో పెట్టి, మిషను దీపం వెచ్చదనంలో పెంచాను. నేను కుడుతుంటే బల్లెక్కి ప్రతి కుట్టూ తల వంచి చూసేవాడు, తప్పు పట్టుకుందామని. అందుకే ఆ పేరు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీతో వాడి రొమ్ము మీద టక్కున కొడితే మెడ ఈకలు రిక్కించి టోపీ మీదికి ఎగిరేవాడు. అరచేతిలో పట్టేంత ప్రాణం, నా మీద ఒంటికాలి మీద లేచేది! ఒంటిగా ఉన్నదానికి అంతకంటే వినోదం ఏం కావాలి? ఇప్పుడు వాడు నా మోకాలంత అయ్యాడు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఇద్దరం ఒక పట్టు పడతాం.

పిల్లల్లో పెద్దాడికి ఏడేళ్ళు, బుల్లికి నాలుగు. వాళ్ళు నన్ను ఏమీ పిలవరు. "పిన్ని అనండర్రా" అని ఆయన మొదటిరోజే చెప్పారు. పెద్దాడు తలూపాడు, అంతే. వాడికి ఏదైనా కావాలంటే నా ఎదురుగా వచ్చి నిలబడి "ఆకలి" అంటాడు, "చెప్పు తెగింది" అంటాడు. బుల్లి అదీ అనదు.

ఇవాళ దానికి గౌను కుడదామని టేపు తీశాను. టేపు చూడగానే స్నానాలగదిలోకి పరిగెత్తి లోపల గడియ పెట్టుకుంది. పోనీలే అని కంటికొలతతోనే కత్తిరించాను. ఇరవై ఏళ్ళ చెయ్యి, తప్పదు.

మార్చి 3

తప్పింది. చంక దగ్గర పట్టేసింది. విప్పి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మార్చి 6

ఆయన నిన్న డ్యూటీకి బస్సెక్కారు. నడిపేవాళ్ళు కూడా ఎక్కారనే అంటారేమో, అడగాలి. రెండు రోజులు రోడ్డు మీద, ఒక రోజు ఇంట్లో. ఆ రెండు రోజులూ పిల్లలూ నేనూ ముగ్గురం మూడు గదుల్లో ఉంటాం.

మేస్త్రీ ఇవాళ బుల్లిని పెరట్లోంచి గుమ్మం దాకా తరిమాడు. రెక్క ఒకటి కిందికి దించి, పక్కపక్కకి అడుగులేస్తూ, పెళ్ళికొడుకులా. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. అది వెక్కిళ్ళు పెడుతూ స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంది. నా నవ్వు చూసి పెద్దాడు మొహం తిప్పేసుకున్నాడు.

మేస్త్రీకి ఇది ఆట. పరిగెడితే ఎవరైనా తరుముతారు.

మార్చి 8

ఆయన నాలుగు గుంజలు పాతి, ఇనప జాలీ చుట్టి, చిన్న తలుపు పెట్టారు. "పిల్లలు బయటుంటే గడియ వేసే ఉండాలి" అన్నారు. "నేనేమైనా చిన్నపిల్లనా?" అన్నాను. "చిన్నపిల్లవైతే నీకూ ఒక జాలీ కట్టేవాణ్ణి" అన్నారు. ఆయన హాస్యమాడటం ఇదే మొదలు. పాపం, మేస్త్రీ లోపల్నుంచి నన్నే చూస్తున్నాడు.

మార్చి 9, ఆదివారం

అమ్మమ్మ వచ్చింది. ప్రతి ఆదివారం వస్తుంది. అలమారు తలుపు తీసి చూసింది, పిల్లల గోళ్ళు చూసింది, బుల్లి జడ విప్పి మళ్ళీ వేసింది. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషి. వెళ్తూ వెళ్తూ జాలీ దగ్గర ఆగి, "దీని చూపు బాలేదమ్మాయ్" అంది.

నా కోడి చూపుకేం? ఆవిడ చూపే బాలేదు.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం

రాయాలి.

బడికి సెలవు. పొద్దున్నే మామూలుగా మేస్త్రీతో ఒక పట్టు పట్టాను. అప్పుడే యూనిఫాంల కొలతల కాగితాలు పట్టుకుని బడి ఆయా వీధి గుమ్మంలోంచి పిలిచింది. వెళ్ళి మాట్లాడి, నేరుగా మిషను మీద కూర్చున్నాను. పిల్లలు పెరట్లో పట్టుకునే ఆట ఆడుతున్నారు. మిషను చప్పుడులో నాకు అరుపు వినపడలేదు. పెద్దాడు వచ్చి నా మోచెయ్యి పట్టి లాగాడు. వాడు నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

బుల్లి బోర్లా పడి ఉంది. మేస్త్రీ దాని వీపెక్కి ఉన్నాడు. చీపురుతో కొట్టాను, వాడు నా మీదికి ఎగిరాడు, మళ్ళీ కొట్టాను. బుల్లిని ఎత్తుకున్నాను. మొహం నిండా రక్తం, కన్ను కనపడలేదు. ఆ నిమిషంలో నేను ఏమనుకున్నానో ఇక్కడ కూడా రాయను.

కన్ను బాగానే ఉంది. కుడి కన్ను కింద చెంప మీద చీలింది. ఆస్పత్రిలో నర్సు తుడిచి, వెలుగులో చూసి, "అర అంగుళం పైన పడుంటే కన్ను పోయేదమ్మా" అంది. రెండు కుట్లు వేశారు. నేను చెయ్యి పట్టుకోబోతే బుల్లి లాక్కుని అన్న చొక్కా పట్టుకుంది.

ఇంటికొచ్చాక పెద్దాణ్ణి అడిగాను.

"గడియ ఎందుకు తీశావు?"

"నేను తియ్యలేదు."

"మరి దానంతటదే వచ్చిందా?"

"నేను తియ్యలేదు."

"రోజూ ఆ జాలీ దగ్గరే కదరా తచ్చాడతావు!"

వాడు వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

గడియ నేను వేశాను. వేసినట్టు బాగా గుర్తు.

మార్చి 15

అర అంగుళం. కుట్టు పక్కన మేము వదిలే గుడ్డ అంత. అంతే.

మార్చి 16, ఆదివారం

అమ్మమ్మ కట్టు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, నాకేం నోరు లేకనా. ఆవిడ బుల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు ఊగింది. తర్వాత వంటగదిలోకి వచ్చి మెల్లిగా అంది.

"అమ్మాయ్, నిన్ను తప్పు పట్టట్లేదు. నా కూతురు పోయింది. దాని కళ్ళు ఈ పిల్లకొచ్చాయి. నాకు మిగిలినవి అవే. వచ్చే ఆదివారం సంచీ తెస్తాను, పిల్లలిద్దర్నీ నాతో పంపించు. నువ్వు కూడా కాస్త ఊపిరి తీసుకోవచ్చు."

"అసలు గడియ ఎలా ఊడింది?" అని అడిగింది. పెద్దాడు తీశాడేమో అన్నాను. తీశాడు అనలేదు, తీశాడేమో అన్నాను. వాడు పక్కగదిలో ఉన్నాడు. వినపడి ఉండదు.

సాయంత్రం ఆయన్ని అడిగాను, కోడిని ఎవరికైనా ఇచ్చేద్దామా, పిల్లల్ని పంపిద్దామా, ఏం చేద్దాం అని. "నీ ఇష్టం" అన్నారు. రెండు రోజులు బస్సు తోలి అలసిపోయిన మనిషి, కోపంతో అన్న మాట కాదు. అయినా ఒళ్ళు మండింది. పదిమందినీ సరిగ్గా మలుపు తిప్పే మనిషికి ఇంట్లో స్టీరింగు నా చేతికివ్వడం ఎంత తేలికో!

పిల్లలు వెళ్ళిపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అలా రాసి చూశాను. చదువుతుంటే బాలేదు.

మార్చి 17

ఆ రోజు గడియ వేశాను.

ఇత్తడి టోపీ కనపడటం లేదు. శుక్రవారం నుంచీ ఒట్టి వేలితోనే కుడుతున్నాను. వేలంతా పోట్లు.

మార్చి 18

మేస్త్రీని బుట్టలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మెత్తటి మనిషి, నా తమ్ముడంత ఉంటాడు. కాలి వెనక ముళ్ళ కొనలు కొద్దిగా కత్తిరించి అరగదీశాడు. మేస్త్రీ పెట్టిన రంకెలకి వెయిటింగులో ఉన్న కుక్కలు నోరు మూసుకున్నాయి.

"దీన్ని పిల్లగా ఉన్నప్పుడు చేత్తో ఆడించేవారా? పొడవడం, తొయ్యడం, అలాంటి ఆటలు?" అన్నాడు.

"లేదండీ" అన్నాను.

"ఎందుకంటే కొందరు ముద్దుగా ఉందని పోట్లాట నేర్పుతారు. అది పెద్దయ్యాక మనుషుల్ని కూడా తోటి పుంజులే అనుకుంటుంది. చిన్నపిల్లలైతే దాని ఎత్తుకి సరిపోతారు."

"అబ్బే, మా ఇంట్లో అలాంటివి లేవు" అన్నాను. గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఇంటిదాకా దారంతా నాకు నేనే చెప్పుకున్నాను, ఆడించడం వేరు, తట్టడం వేరు అని.

డాక్టరు చెప్పినవి రాసుకుంటాను, మర్చిపోకుండా. కొట్టకూడదు, కొడితే పోట్లాటకి సై అన్నట్టే. పారిపోకూడదు, పారిపోతే అది గెలిచినట్టు. మీదికొస్తే కదలకుండా నిలబడాలి, కుదిరితే ఒక అడుగు ముందుకే వెయ్యాలి. రోజూ పట్టుకుని, రెక్కలు కదలకుండా చంకలో పెట్టుకుని, అది కాళ్ళు వదిలేసేదాకా తిరగాలి. ఎంత బాగుపడినా సరే, చిన్నపిల్లల్ని దాంతో ఒంటరిగా వదలకూడదు, ఎప్పటికీ. "రెండు వారాలు చూడండి. తగ్గకపోతే పిల్లలు లేని ఇల్లు చూసి ఇచ్చెయ్యండి" అన్నాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నాను. "కోడి మొక్కా కాదు, మానూ కాదు కదండీ" అన్నాడు.

మార్చి 20

చంకలో పుంజుతో కుట్టడం కుదరదు. రెండు చేతులూ కావాలి, యూనిఫాంలు ముప్పై ఉన్నాయి. అందుకని పాత పరదా గుడ్డతో ఒక జోలె కుట్టాను. మెడకి తగిలించుకుంటే నా రొమ్ము మీద వేలాడుతుంది. మేస్త్రీని అందులో దోపి, తల మాత్రం బయటికి వచ్చేలా బొత్తాం పెట్టాను. మొదట్లో బొత్తాం పీకాడు, తర్వాత టేపు, తర్వాత నా ముక్కు. గంట తర్వాత మిషను చప్పుడుకి కళ్ళు మూసుకున్నాడు.

తలెత్తి చూస్తే గుమ్మంలో బుల్లి. నా మెడలో జోలె, అందులో పసిపిల్లాడిలా మేస్త్రీ. దాని పెదాలు వంకర తిరిగాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నేను చూశానని తెలియగానే పారిపోయింది.

మార్చి 22, శనివారం

పెద్దాడు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ఏం కావాలిరా అంటే పిడికిలి విప్పాడు. ఇత్తడి టోపీ.

"ఎక్కడ దొరికింది?"

"జాలీ తలుపు పక్కన గుంజ మీదుంది."

అంతే అన్నాడు. నాదేనా అని అడగలేదు. ఎందుకక్కడుంది అనీ అడగలేదు. తీసుకున్నాను. మిషను మీద కూర్చుని చాలాసేపు కాలు ఆడించలేదు.

ఇప్పుడు రాస్తాను. ఆ శుక్రవారం ఆయా రెండుసార్లు పిలిచింది. మేస్త్రీ ఇంకా టోపీ మీదికి ఎగురుతున్నాడు, నేను రెచ్చగొట్టి మధ్యలో వదిలేశాను. బయటికొచ్చి, టోపీ తీసి గుంజ మీద పెట్టాను, ఇప్పుడే తిరిగొస్తాగా అని. తిరిగొస్తాననుకున్నాను కాబట్టి గడియ వెయ్యలేదు.

గడియ నేను వెయ్యలేదు.

పోట్లాట నేర్పింది నేనే. ఏడాదిగా, రోజూ, నవ్వుతూ. వాణ్ణి రెచ్చగొట్టి తలుపు తెరిచి పిల్ల మీదికి వదిలింది నేనే. ఆ నేరం ఏడేళ్ళ పిల్లాడి నెత్తిన రుద్దాను. వాడికి వినపడి ఉండదని రాశాను పైన. ఆ గోడకి చెవులక్కర్లేదు, వాడు ఆ పక్కగదిలోనే ఉన్నాడు. వారం రోజులు మాట్లాడకుండా మోశాడు.

రేపు అమ్మమ్మ సంచీ తెస్తుంది. ఈ మాట చెప్పానంటే ఇక పిల్లల్ని ఇక్కడ ఉంచమనే మొహం నాకుండదు. చెప్పకపోతే, వాళ్ళిక్కడే ఉన్నా నాకు ఉన్నట్టు కాదు.

నాకు వాళ్ళు కావాలి. ఎందుకో తెలీదు. ఆ పిల్ల నన్ను చూసి పారిపోతుంది, ఆ పిల్లాడు నాతో రెండు మాటలు మించి మాట్లాడడు. అయినా కావాలి.

మార్చి 23, ఆదివారం

చెప్పేశాను.

సంచీ నిజంగానే తెచ్చింది, ఖాళీ సంచీ, బల్ల మీద పెట్టింది. ఆయన కుర్చీలో, పిల్లలిద్దరూ నేలమీద. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే లేవలేనని.

"గడియ తీసింది వీడు కాదండీ. నేనే వెయ్యలేదు. ఆ పుంజుకి మీద పడటం నేర్పింది కూడా నేనే, ఇదిగో దీంతో" అని టోపీ చూపించాను. అంతా చెప్పాను. పెద్దాడి వైపు తిరిగి, "తప్పు నీది కాదురా. నాది. నీ మీద పెట్టాను. అది ఇంకా పెద్ద తప్పు" అన్నాను. వాడు తలెత్తి నన్ను చూశాడు.

అమ్మమ్మ టోపీ తీసుకుని తన వేలికి తొడిగి చూసుకుంది.

"ఈ మాట పోయిన ఆదివారమే చెప్పుండొచ్చుగా?"

"భయమేసిందండీ."

"కోడంటేనా?"

"మీరంటే."

ఆవిడ నవ్వలేదు గానీ టోపీ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వేమంటావురా?" అని పెద్దాణ్ణి అడిగింది.

వాడు సంచీ వైపు చూశాడు. "ఇక్కడే ఉంటా. చెప్పిందిగా" అన్నాడు.

బుల్లిని అడగక్కర్లేదు. అన్న ఎక్కడుంటే అది అక్కడే.

అమ్మమ్మ లేచి జాలీ దగ్గరికి వెళ్ళింది, గడియ వేసి తీసి, తీసి వేసి చూసింది. "దీనికి ఇంకో గడియ పెట్టించు. వచ్చే నెల ఇరవయ్యో తారీకు దాకా చూస్తాను. ఈలోగా పిల్ల మీద ఇంకో గీత పడిందా, పిల్లలు నా ఇంట్లో, కోడి నా గిన్నెలో" అంది. సంచీ మాత్రం తీసుకెళ్ళలేదు. మా అలమారు కొక్కేనికి తగిలించి వెళ్ళింది, నేను రోజూ చూడాలని కాబోలు.

మార్చి 24

రెండో గడియ పెట్టించాను. ఇత్తడి టోపీ డబ్బాలో పెట్టేసి, తోలుది ఒకటి కొనుక్కున్నాను. తోలుకి చప్పుడు లేదు, మేస్త్రీకి దాని మీద ఆసక్తీ లేదు.

మార్చి 29

పిల్లలకి ఒక ఆట నేర్పాను. నేను చప్పట్లు కొట్టగానే ఎక్కడున్నవాళ్ళు అక్కడ చెట్టైపోవాలి. మొహానికి చేతులు అడ్డం పెట్టుకోవాలి, కాళ్ళు పాతేసుకోవాలి, కదలకూడదు. కోడి లేకుండానే ఆడతాం, ఇంట్లో. పెద్దాడు మంచి చెట్టు. బుల్లి స్నానాలగది గుమ్మంలోనే నిలబడి చూస్తుంది, ఒక చెయ్యి గడియ మీదే ఉంచుకుని.

ఏప్రిల్ 3

మేస్త్రీ ఇప్పుడు జోలెలోకి తనే తల దూరుస్తున్నాడు. నేను జాలీలోకి వెళ్తే కాలు దువ్వడం తగ్గింది. యూనిఫాంలకి వచ్చిన ఒక తల్లి, "అదేంటి మెడలో?" అంది. "మా మేస్త్రీ" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా "లంగా మడతలో కాస్త గుడ్డ ఎక్కువ వదలండి, పిల్ల ఎదుగుతుంది" అని చెప్పి వెళ్ళింది. ఎవరొచ్చినా వెళ్తూ చెప్పే మాట అదే.

ఏప్రిల్ 8

తన్నాను. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

మేత వేస్తుంటే పిక్క మీద ఎగిరి పొడిచాడు. నా కోపం నాకు తెలుసు కదా, ముక్కు మీదే ఉంటుంది. కాలు దానంతటదే లేచింది. వాడు గుంజకి తగిలి లేచి, మెడ రిక్కించి, పాత మేస్త్రీ అయిపోయాడు.

జాలీ అవతల నుంచి పెద్దాడు అన్నాడు, "డాక్టరు తన్నొద్దన్నాడుగా."

"తెలుసురా!"

"మరి?"

మరి ఏముంది. వాణ్ణి పట్టుకుని జోలెలో వేసుకుని పెరటి మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి పెద్దాడు వచ్చి ఒక మెట్టు పైన కూర్చున్నాడు. "వాడికి కూడా కోపం తొందరగా వస్తుంది" అన్నాడు. వాడికి కూడా అంటే ఇంకెవరికో నేను అడగలేదు.

ఏప్రిల్ 9

డాక్టరు చెప్పిన రెండు వారాలూ దాటాయి. వీణ్ణి ఎవరికైనా ఇచ్చేద్దామని రెండుసార్లు బుట్ట తీసి రెండుసార్లూ లోపల పెట్టాను. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మకీ నాకూ పెద్ద తేడా లేదు. ఇరవయ్యో తారీకులోపు బాగుపడకపోతే ఇచ్చేస్తాను. రాశాను కాబట్టి ఇక మాట తప్పను.

ఏప్రిల్ 13, ఆదివారం

కట్టు పోయి చాలా రోజులైంది, ఇప్పుడు గులాబీరంగు గీత మాత్రమే ఉంది. అమ్మమ్మ దాన్ని వేలితో తడిమింది. బుల్లి ఆవిడకి ఏదో చెవిలో చెప్పింది. "చెట్టాటా? అదేంటే?" అంది అమ్మమ్మ. బుల్లి గది మధ్యలోకి వచ్చి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, కాళ్ళు పాతుకుని చూపించింది. నేను నేర్పాక అది ఆడటం చూడటం అదే మొదలు. మేము చూడనప్పుడు ఆ స్నానాలగదిలో ఎన్నిసార్లు చెట్టయ్యిందో!

ఏప్రిల్ 17, గురువారం

నెమ్మదిగా రాస్తాను.

సాయంత్రం, ఇంకా వెలుతురుంది. పెరట్లో గచ్చు మీద బుల్లి నా సుద్దముక్కతో బొమ్మలు గీస్తోంది. నేను ఉన్నాను కదా అనే దాన్ని బయట ఉండనిచ్చాను. నీళ్ళ గిన్నె మార్చడానికి జాలీ తలుపు సందంత తీశాను. ఒక పెట్ట కాళ్ళకి అడ్డం పడింది, నేను తూలాను, ఆ సందులోంచి మేస్త్రీ జారిపోయాడు. నేరుగా గచ్చు మీదికి.

నాకూ వాళ్ళకీ మధ్య పది అడుగులు. పరిగెడితే వాడు రెచ్చిపోతాడు, అది నాకు తెలుసు. అరిస్తే పిల్ల పరిగెడుతుంది, అదీ తెలుసు. చప్పట్లు కొడదామంటే ఒక చేతిలో గిన్నె.

బుల్లి తలెత్తి చూసింది. స్నానాలగది తలుపు తెరిచే ఉంది. అది అటు చూసింది కూడా. తర్వాత సుద్దముక్క పడేసి లేచి నిలబడి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. పాదాలు కదల్లేదు.

మేస్త్రీ రెక్క దించాడు, పక్కకి రెండడుగులు వేశాడు. ఆగాడు. చెట్టుతో ఎవరు పోట్లాడతారు? గచ్చు మీద సుద్దగీతని ఒకసారి పొడిచి చూశాడు.

అప్పుడు వేళ్ళ సందులోంచి బుల్లి అంది. గట్టిగా కాదు, విసుగ్గా.

"పిన్నీ, నీ కోడి బయటికొచ్చింది."

నడిచాను. పది అడుగులూ నడిచే వెళ్ళాను, అంత నెమ్మదిగా నేను జన్మలో నడవలేదు. వంగి, రెక్కలు ఒడిసి, చంకలో పెట్టుకున్నాను. వాడు ఒకసారి గింజుకుని కాళ్ళు వదిలేశాడు.

"గడియ వేసుకోవచ్చుగా" అంది బుల్లి, చేతులు దించి.

"వేస్తానమ్మా" అన్నాను.

"రెండూ."

"రెండూ వేస్తాను."

తిట్టింది. నన్నే, వరస పెట్టి పిలిచి, ఇంటి మనిషిని తిట్టినట్టు తిట్టింది. లోపలికొచ్చి రెండు గడియలూ వేశానో లేదో మూడుసార్లు వెళ్ళి చూసుకుని, తర్వాత ఏడ్చాను.

ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మమ్మ లోపలికి రాకముందే జరిగినదంతా పెద్దాడు వీధి గుమ్మంలోనే ఆవిడకి చెప్పేశాడు, కోడి తప్పించుకోవడంతో సహా. నేను దాచాలనుకోలేదు, కానీ నా నోటితో చెప్పే అదృష్టం కూడా దక్కలేదు. ఆవిడ బుల్లిని వెలుతురులోకి తీసుకెళ్ళి మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. కొత్త గీత లేదు.

"మళ్ళీ తప్పించుకుందన్నమాట" అంది నాతో.

"తప్పించుకుందండీ. ఇప్పుడు ముందు చిన్న జాలీగది, దాని తలుపు వేశాకే లోపలి తలుపు తెరుస్తాను. నిన్న ఈయన కట్టారు."

ఆవిడ "ఊఁ" అంది.

టేపు బల్ల మీదుంది. వేసవి గౌను గుడ్డ తెచ్చి పదిరోజులైంది, పువ్వులున్న నూలు గుడ్డ. బుల్లే టేపు చూసి, వెనక్కి ఒక అడుగు వేసి, "ముందు దానికి తియ్యి" అంది.

"దేనికే?"

"కోడికి."

సరే. మేస్త్రీ జోలెలోనే ఉన్నాడు. బయటికి తీసి పట్టుకున్నాను. పెద్దాడు టేపు చుట్టాడు. మెడ నాలుగున్నర, రొమ్ము పదిహేను. తోక దగ్గర మేస్త్రీ అభ్యంతరం చెప్పాడు. ఆయన పక్కన నిలబడి "ప్యాంటా, చొక్కానా?" అన్నారు. అమ్మమ్మ మొహం పక్కకి తిప్పుకుంది, భుజాలు కదిలాయి.

మేస్త్రీని జాలీలో పెట్టి, రెండు గడియలూ వేసి వచ్చేసరికి బుల్లి గది మధ్యలో నిలబడి ఉంది. చెట్టులా. మొహానికి అడ్డం మాత్రం చేతులు లేవు, రెండూ పక్కలకి చాపింది, కొలత ఇచ్చేవాళ్ళు చాపినట్టు. టేపు చల్లగా తగిలినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. కదల్లేదు. కళ్ళు తెరిచినప్పుడు నా మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ కళ్ళు ఎవరివో నాకు తెలుసు. నేను చూడని మనిషివి. జాగ్రత్తగా చూసుకుంటానని ఆ కళ్ళకే మనసులో చెప్పుకున్నాను.

భుజం తొమ్మిదిన్నర. ఛాతీ ఇరవై రెండు. చంక, ఈసారి సరిగ్గా, పదిన్నర. పొడుగు ఇరవై మూడు.

పుస్తకం ముందు వైపు రాసుకుంటుంటే అమ్మమ్మ అలమారు కొక్కేనికున్న సంచీ తీసి, మడిచి, చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండానే అంది.

"అమ్మాయ్, మడతలో గుడ్డ ఎక్కువ వదులు. వచ్చే ఏడాదికి కూడా రావాలి."

మూడంగుళాలు వదిలాను.